మా యంత్రమేల మందగించెను?

మేమిరువురము తోడికోడండ్రము. విజయవాడలో ఒకే కప్పు క్రింద కాపురము చేయుచున్నాము. ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నది మాలో పెద్దామెయా, చిన్నామెయా యని చదువరులు తర్కింప బనిలేదు. ఒకరు చెప్పుచుండగా నొకరు వ్రాసితిమి. వ్రాసినదానిని రెండవవారు కొట్టివేయగా మరల వ్రాసితిమి. ఇంటింటను కంప్యూటరు చేరిన యీ దినములలో మాకు కలిగిన చిక్కు మరియొక సోదరికి కలుగకపోదు. అంతేకాక, ఆ చిక్కు తీరులోపల మా యిరువురి నడుమ మాటలు నిలిచిపోవు గతి పట్టినది. కావున కొంచెము సిగ్గు విడిచియే యీ సంగతి వ్రాయుచున్నాము.

ఇండ్లు కట్టించుకొనువారికి కట్టకముందే యిల్లు చూపుట మా వృత్తి. ఇంజనీరు గీచిన ప్లాను పుచ్చుకొని, కంప్యూటరులో గోడలు లేపి, తలుపులు నిలిపి, రంగులు వేసి, వసారాలో పడకకుర్చీని, పెరటిలో తులసికోటను సైతము అమర్చి, ప్రొద్దుటి యెండలో ఆ యిల్లెట్లుండునో బొమ్మ తీసి యిత్తుము. మాలో చిన్నామె పెండ్లికి పూర్వమే యీ విద్య నేర్చినది. పెద్దామె బేరములు, లెక్కలు, రంగుల పొందిక చూచుచుండును. ఇందులకు మేము వాడు ప్రోగ్రామునకు బ్లెండరని పేరు. దానికి వెల లేదు. 2002 సంవత్సరమున దానిని అందరి సొత్తు చేయుటకై లోకములోని వాడుకరులు ఏడు వారములలో లక్ష యూరోలు చందా వేసికొని విడిపించిరట. ఊరివారందరు తలకొక రూపాయి వేసి బావి త్రవ్వించుకొన్న ట్లున్నదే యని ఆ కథ విన్నప్పుడు మేము సంతోషించితిమి.

కంప్యూటరులో ఇల్లు కట్టుట యొక యెత్తు, దానిని బొమ్మగా తీయుట యొక యెత్తు. ఈ రెండవదానిని రెండరింగు అందురు. బొమ్మలోని ఒక్కొక్క చుక్కనుండి వెలుతురు కిరణము నొకదానిని వెనుకకు పంపి, అది గోడమీద బడి, నేలమీద బడి, కిటికీ గాజులో దూరి, తుదకు సూర్యునియొద్దకు చేరు దారిని లెక్కకట్టవలెను. ఒక్కొక్క చుక్కకు నూర్లకొలది కిరణములు. మేము తీయు బొమ్మకు అడ్డము 1920 చుక్కలు, నిలువు 1080. గుణించినచో ఇరువది లక్షలకు పైబడును. అది నిలుచు బొమ్మ. కదలు బొమ్మయైనచో సెకనుకు 25 కావలెను. ఈ లెక్కలను పెద్ద గ్రాఫిక్సు కార్డు ఉన్నవారు దానిచేత చేయింతురు. మా సంచి యంతటి బరువైనది కాదు గనుక మా యింట నీ చాకిరియంతయు ప్రోసెసరే చేయును.

ఆ పెట్టెను 2022 డిశంబరులో కొంటిమి. ఏది కొనవలెనో చిన్నామె యెంచినది. డబ్బు పెద్దామె గాజులు బ్యాంకులో కుదువ పెట్టి తెచ్చినది. ఈ రెండు వాక్యములను చదువరులు మనస్సున నుంచుకొనవలెను. తరువాతి రచ్చ యంతయు వీనిలోనుండియే పుట్టినది.

ఏడాదికి పైగా పెట్టె మంచిగా నడచినది. 2024 మే నెలలో ఒక ఇంజనీరు, తాను కట్టబోవు ఇంటి వీధి గుమ్మములో ప్రవేశించి వంటయింటి దాక నడచిపోవునట్లు నలువది సెకనుల కదలు బొమ్మ కోరెను. అనగా వేయి బొమ్మలు. ఒక్కొక్కదానికి నిముషమున్నర వంతున 25 గంటలు పట్టునని లెక్కవేసి, గురువారము ఉదయమున కిత్తుమని మాట యిచ్చితిమి. మంగళవారము రాత్రి తొమ్మిది గంటలకు పని ప్రారంభించి నిద్రపోతిమి. తెల్లవారి ఆరు గంటలకు చూడగా 360 ఉండవలసిన చోట 180 బొమ్మలున్నవి. లెక్క తప్పితిమేమో యని మరల కూడితిమి. తప్పలేదు. యంత్రమే సగము వేగమున నడచుచున్నది. తుదకు గురువారము నడిరాత్రికి గాని పని ముగియలేదు. శుక్రవారమునాడు బొమ్మ పుచ్చుకొని ఆ ఇంజనీరు సగము డబ్బు మాత్రమే యిచ్చెను. కొనవచ్చినవారు గురువారమే వచ్చి పోయిరట. ఆయనను తప్పుపట్టజాలము.

ఇంక మా యిల్లు చూడవలసినది! మా పురుషు లొకరు యంత్రమునకు వైరసు పట్టినదనిరి. రెండవవారు విండోసును తుడిచి క్రొత్తగా వేయవలెననిరి. వేసిరి. ఒక దినము పోయినది, వేగము రాలేదు. పెట్టెను ఆటోలో పెట్టుకొని బజారులోని మరమ్మతు దుకాణమునకు పోయితిమి. అచ్చటి యబ్బాయి మూతయైనను విప్పక, "ఇది పాతబడినదండీ, ప్రోసెసరు, బోర్డు మార్చవలెను, నలువది రెండు వేలగును" అని కాగితముమీద వ్రాసి యిచ్చెను. ఏడాదిన్నర యైనను నిండని పెట్టె పాతబడుట యేమో మాకు బోధపడలేదు గాని, ఆ కాగితము మాత్రము మా యిద్దరి నడుమ గోడవలె నిలిచినది.

పెద్దామె మనస్సులో, చిన్నది మోసపోయి నాసిరకము తెచ్చినదని యుండెను. ఆ మాట లోననే యుంచుకొన్నను బాగుండెడిది. అత్తగారి యెదుట, "నా గాజులు తెచ్చి నీ పెట్టెలో పోసితిని" అనివేసినది. చిన్నామెకు వేరొక బాధ. పెద్దామె లెక్కల పుస్తకములో రూపాయలే గాక, ఏ బొమ్మకు ఎన్ని నిముషములు పట్టినదో కూడ వ్రాయుచుండును. ఇది తన పనిమీద కాపలా యని చిన్నామె నొచ్చుకొనుచుండినది. ఆనాడు, "నేను నిద్రపోయిన నిముషములు కూడ అందులో వ్రాసితిరా అక్కయ్యా?" అని అడిగి లోనికి పోయినది. మూడు దినములు మేము మాటలాడుకొనలేదు. ఉప్పు కావలసినను, పాలవాని డబ్బు కావలసినను అత్తగారి ద్వారమున కబురులే. ఆమె మూడవ నాటికి విసిగి, "నేను మీ యిద్దరికి టెలిఫోనును కాను" అని పురాణమునకు వెళ్ళిపోయినది.

నాల్గవనాడు చిన్నామె తానుగా వచ్చి ఆ లెక్కల పుస్తకము నడిగినది. పుటలు త్రిప్పి త్రిప్పి 2022 డిశంబరు దగ్గర ఆగినది. "హాలు, సోఫా బొమ్మ, 1 ని. 30 సె." అని పెద్దామె చేతివ్రాత. ఆ ఫైలు ఇంకను కంప్యూటరులో నున్నది. ఒక్క మెత్త కూడ మార్చక, అదే ఫైలును, అదే అమరికలతో, మరల రెండరు చేసి చూచితిమి. మూడు నిముషముల నాలుగు సెకనులు పట్టినది.

అప్పటికి మేము చేసిన పరీక్షలలో బుద్ధిగలది ఇది యొక్కటే. క్రొత్త ఇంటిలో గాజులెక్కువ, దీపములెక్కువ, కావున ఆలస్యమగుచున్నదేమో యను అనుమానము దీనితో తీరిపోయినది. పని అదే, యంత్రమదే, కాలము రెట్టింపు. లోపము కొనుగోలులో నుండినచో డిశంబరులోనే యుండవలెను గదా? పెద్దామె యేమియు అనలేదు గాని ఆ రాత్రి చిన్నామె విస్తరిలో పెరుగు తానే వడ్డించినది.

మరునాటినుండి పద్ధతిగా వెదకితిమి. విండోసులో టాస్కు మేనేజరను పుట యొకటి యున్నది. అందులో ప్రోసెసరు నూటికి నూరుపాళ్ళు పనిచేయుచున్నట్లు కనబడినది. మొదట దీనిని చూచియే మా పురుషులు, "పూర్తిగా పనిచేయుచున్నది గదా, ఇంకేమి కావలెను" అనియుండిరి. నూరుపాళ్ళనగా దానికి తీరిక లేదని మాత్రమే యర్థము. వేగముగా నడచుచున్నదని కాదు. తీరిక లేకుండుట వేరు, పని తెమలుట వేరు. ఈ భేదము ఇంటి ఆడువారికి విప్పి చెప్ప బనిలేదు. అదే పుటలో క్రింద "స్పీడు" అని యొక అంకె యుండును. దానిని మేమెన్నడును చూచి యుండలేదు. ఆనాడు అది 2.1 గిగాహెర్ట్సులు చూపినది.

పెట్టెపై అట్టమీద 4.8 అని అచ్చువేసియున్నది! ఇది చూచి గుండె జారినది గాని, చిన్నామె చదివి చెప్పగా తెలిసినదేమనగా, ఆ పెద్ద అంకె ప్రోసెసరులోని గదులలో ఒక్కటి మాత్రము కొద్దిసేపు పరుగెత్తునప్పటిది. ఈ గదులను కోరులందురు. రెండరింగులో కోరులన్నియు ఒక్కసారి పనికి దిగును గనుక వేగము కొంత తగ్గుట సహజమే. మా ప్రోసెసరు అన్ని కోరులతోను 4.2 చొప్పున నడిచెడిదని అప్పుడు తీసి దాచిన తెర బొమ్మ యొకటి చిన్నామె ఫోనులో దొరకినది. కావున మాకు రావలసినది 4.8 కాదు, 4.2. అట్టమీది అంకెతో పోల్చుకొని ఏడ్చువారు నాలాటి వారెందరో యుందురని మాలో పెద్దామె ఇచ్చట వ్రాయుమన్నది.

జ్ఞాపకశక్తి, అనగా ర్యాము, చాలకపోవునేమో యని చూచితిమి. అది నిండిపోయినచో కంప్యూటరు సామానును డిస్కులోనికి, డిస్కునుండి బయటికి మోయుచుండును. ప్రోసెసరు అంతసేపును చేతులు కట్టుకొని నిలుచును గనుక పని పాలు నూరునుండి పడిపోవును. మా దానిలో నూరు నూరుగానే యున్నది, ర్యాము సగమైనను నిండలేదు. కనుక అది కాదు. కరెంటు పొదుపు చేయు అమరికను మార్చి పూర్తి బలమున కుంచితిమి. మార్పు లేదు.

అటుపిమ్మట వేడి కొలుచు ఉచిత ప్రోగ్రాము నొకదానిని వేసికొని, రెండరు ప్రారంభించి, ఇద్దరమును తెర ముందు కూర్చుంటిమి. ప్రోసెసరు ఏ పనియు లేక యుండగనే 58 డిగ్రీలున్నది. పని మొదలిడగానే వేగము 4.2 కు లేచినది. మా కన్నులకు పండుగ యైనది. వేడియు దానితోనే లేచినది: డెబ్బది, ఎనుబదియైదు, తొంబదినాలుగు. నలువది సెకనులలో నూరు. నూరు చేరిన క్షణమునుండి వేగము మెట్లు దిగసాగినది: 3.6, 3.0, 2.5, చివరకు 2.1. అచ్చట నిలిచినది. వేడి నూరువద్దనే నిలిచినది. యంత్రము చెడలేదు. అది కాలిపోకుండుటకై తన్ను తాను అదుపులో పెట్టుకొనుచున్నది.

ఈ వేడి యెక్కడిదో కొంచెము చెప్పవలెను. ప్రోసెసరు తపాలా బిళ్ళ పాటి సిలికాను పలుక. 1971 లో వచ్చిన 4004 అను తొలి చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లుండెను. నేటివానిలో వందల కోట్లు. ఇవి మీటలవలె తెరచి మూయుచుండును. 4.2 గిగాహెర్ట్సులనగా సెకనుకు 420 కోట్ల తాళపు దెబ్బలు. దెబ్బ దెబ్బకును కొంత కరెంటు వేడిగా మారును. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేసినకొలది వాని కరెంటు కూడ ఆ లెక్కనే తగ్గునని 1974 లో డెన్నార్డు మొదలగువారు చూపిన సూత్రము చాల యేండ్లు చెల్లినది. 2005 ప్రాంతమున చెల్లకుండ పోయినది. అందువలననే వేగము ఏటేట పెరుగుట మాని, ఒక పలుకపై కోరుల సంఖ్య పెరిగినది. మా ప్రోసెసరు పూర్తి పనిలో నున్నపుడు నూరు వాట్లకు పైగా త్రాగును. పాతకాలపు నూరు వాట్ల దీపమును పట్టుకొన్నచో చేయి కాలును గదా. అంతకు మించిన వేడి తపాలా బిళ్ళ పాటి చోటునుండి పోవలెను. పోవు దారి యేది? దానిపై అల్యూమినియపు రేకుల దిమ్మ, దిమ్మపై ఫ్యాను, ఫ్యాను తోలిన గాలి పెట్టెనుండి బయటికి పోవు కిటికీ. ఇంతే.

వెనుకటి చిప్పులకు ఈ అదుపు అన్నిటికిని ఉండెడిది కాదు. 2001 లో కొందరు పరీక్షకులు నడుచుచున్న కంప్యూటర్లపైనుండి ఆ లోహపు దిమ్మను ఊడదీసి చూపిరి. ఒక చిప్పు క్షణములో పొగలెగసి మాడిపోయినది. మరియొకటి నెమ్మదించి, నెమ్మదించి, దిమ్మను మరల పెట్టగానే లేచి తన దారిన పోయినది. మా యింటిది రెండవ జాతిది యైనందులకు సంతసించితిమి.

ఇంక పెట్టె విప్పుటయే తరువాయి. తీగ ఊడదీసి, అరగంట ఆగి, చేతిలోని నిలవ విద్యుత్తు పోవుటకు పెట్టె లోహమును తాకి, ప్రక్క మూత తీసితిమి. చూచినది చెప్పుటకు సిగ్గగుచున్నది. రేకుల సందులన్నియు మెత్తని దూదివలె దుమ్ముతో పూడియున్నవి. ఆ దుమ్ము ఒట్టి దుమ్ము గాదు, జిడ్డు దుమ్ము. మా కంప్యూటరు గదికిని వంటయింటికిని నడుమ కిటికీ యొకటి యున్నది. రెండు పూటల తిరుగమోత ఆవిరియంతయు ఫ్యాను లోనికి పీల్చుకొన్నది. అంతటితో పోలేదు. సంక్రాంతికి సున్నము వేయించినప్పుడు పెట్టెను బల్ల క్రింది చెక్క అలమరలోనికి త్రోసితిమి. దాని వెనుక గోడ. ఆ వెనుక ప్రక్కననే గాలి బయటికి పోవలసిన కిటికీ. ఆపైన, దుమ్ము పడకుండుటకని పెద్దామె నెమళ్ళు కుట్టిన ముసుగు కప్పియున్నది. నెల దినములు కూర్చుండి కుట్టిన ముసుగు. దానిని పని వేళలందును తీసెడివారము కాము. గాలి ఆడదేమో యని చిన్నామెకు తోచకపోలేదట. అక్కయ్య శ్రమపడి కుట్టినదానిని తీయమని యెట్లందునని ఊరకుండినదట. "అనవలసినది!" అని పెద్దామె. "మీరు కోపగించెడివారు" అని చిన్నామె. నిజమే, కోపగించెడిదే.

దిమ్మ నాలుగు మూలలను నాలుగు ప్లాస్టికు మేకులు బోర్డునకు బిగించి యుంచును. వానిలో ఒకటి పైకి లేచియున్నది. సున్నము నాడు పెట్టెను ఈడ్చినప్పుడు లేచినదో, ముందే లేచియుండెనో చెప్పజాలము. ఒక మూల లేచినచో దిమ్మకును ప్రోసెసరునకును నడుమ సందు పడును. ఆ సందులోని గాలి వేడిని కదలనీయదు. ఈ సందును నింపుటకే థర్మలు పేస్టు అను తెల్లని ముద్దను పూయుదురు. దిమ్మను ఎత్తితిమి గనుక పాత ముద్దను స్పిరిటు తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, క్రొత్తది బఠాణీ గింజంత నడుమ నుంచి, మేకులను ఎదురుమూలల వరుసను నొక్కి బిగించితిమి. ముద్ద ఎక్కువైనచో ప్రక్కలకు కారునే గాని మేలు లేదు. జిడ్డును మెత్తని కుంచెతో విడదీసి, గాలి ఊదు యంత్రముతో ఊదితిమి. ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలెను. లేనియెడల అది గిఱ్ఱున తిరిగి చెడిపోవచ్చును. అత్తగారు ముక్కుకు కొంగడ్డము పెట్టుకొని, "నా పోపు ఇంత దూరము వచ్చినదా" అని ఆశ్చర్యపడిరి.

పెట్టెను అలమరనుండి బయటికి తెచ్చి, గోడకు జానెడు దూరమున బల్లపై నుంచి, డిశంబరు ఫైలును నడిపితిమి. వేడి 82 దగ్గర నిలిచినది. వేగము 4.1. కాలము 1 నిముషము 33 సెకనులు. ఆ మూడు సెకనులు మే నెలవి. గది యెంత వెచ్చనైనచో ప్రోసెసరు ఇంచుమించు అంతయు వెచ్చనగును. ఎండాకాలమున యంత్రము మందగించినదనువారు ఈ లెక్కను మరువరాదు. ఖర్చు పేస్టుకు 350 రూపాయలు. దుకాణమువాని కాగితమును చింపివేయబోగా పెద్దామె చింపనీయక లెక్కల పుస్తకములో అంటించినది.

ఆ ఇంజనీరు యొద్దకు ఇద్దరమును పోయి, జరిగినది దాచక చెప్పితిమి. వంటయింటి జిడ్డు మాట విని ఆయన నవ్వెను. పదునైదు దినములకు మరియొక యింటి పని యిచ్చెను. ఈసారి 1,200 బొమ్మలు. వానిని ఒకే చిత్రముగా గాక విడివిడి ఫైళ్ళుగా తీసితిమి. కరెంటు పోయినను ఆ క్షణమున తీయుచున్న బొమ్మ యొక్కటియే నష్టము. నడుమ రెండు మారులు పోయినది కూడ. అయినను గడువుకు ఆరు గంటల ముందే యిచ్చితిమి.

ఇప్పుడు ప్రతి నెల మొదటి తేదీన ఆ సోఫా బొమ్మను తీసి, పట్టిన కాలమును, వేడిని లెక్కల పుస్తకములో వ్రాయుచున్నాము. వ్రాయునది చిన్నామె. వంటయింటి వైపు కిటికీకి తలుపు పెట్టించితిమి. నెమళ్ళ ముసుగు గ్రైండరుమీద కప్పియున్నది. గాజుల బాకీ ఇంక రెండు వాయిదాలున్నది.